ఉలుకూ పలుకూ లేని అల్యూమినియం: పిల్లలకు ఏం చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చెన్నై అంబత్తూరులో ఒక సీబీఎస్ఈ స్కూల్లో టీచర్‌గా ఈ ఏడే చేరారు. పదో తరగతి ప్రాక్టికల్‌లో జింకు, ఇనుము, రాగి, అల్యూమినియం ముక్కల్ని ఒక్కొక్కటిగా వాటి సల్ఫేట్ ద్రావణాల్లో వేయించారు. రాగి సల్ఫేట్‌లో మేకులకు ఎర్రగా రాగి పట్టింది. అల్యూమినియం ముక్క మాత్రం అరగంటైనా వేసింది వేసినట్టే ఉంది. ఎక్కువ రియాక్టివ్, అంటే చర్య జరిపే గుణం ఎక్కువున్న లోహం, తక్కువ రియాక్టివ్ లోహాన్ని దాని ద్రావణంలోంచి బయటికి పంపుతుందన్నది పాఠం. దాంతో పిల్లలు "అల్యూమినియం కన్నా ఇనుమే ఎక్కువ రియాక్టివ్" అని రాసేశారు. స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ "పుస్తకంలో ఉన్నదే అబ్జర్వేషన్ కాలమ్‌లో రాయించెయ్, ఎందుకొచ్చిన తలనొప్పి" అన్నారు. అలా రాయించాలా, వద్దా? అసలు ఈ పాఠాన్ని ప్రయోగాలతో ఎలా నడపాలి?

రాయించకండి. చూడనిది చూసినట్టు రాయించే కన్నా ఆ పీరియడ్‌లో పిల్లల్ని గ్రౌండ్‌కి వదిలేయడం నయం. మీ పిల్లలు తప్పు చేయలేదు. కళ్లకు కనబడినదాన్ని బట్టి సరిగ్గానే తీర్పు చెప్పారు. ఆ తీర్పు ఎక్కడ తేడా కొట్టిందో వాళ్లచేతే పట్టించగలిగితే, ఈ పాఠంలో అంతకు మించి చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

నేను చెన్నైలో 21 ఏళ్లుగా కెమిస్ట్రీ చెప్తున్నాను. నాకూ ఇదే జరిగింది, అదీ తలకిందులుగా. మా స్కూలు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వైపు, సముద్రానికి దగ్గర. మొదటి నాలుగైదేళ్లు మా ల్యాబ్‌లో అల్యూమినియం ఫాయిల్ రాగి సల్ఫేట్‌లో వేస్తే చక్కగా చర్య జరిగేది. ఫాయిల్‌కు చిల్లులు పడి, ఎర్రటి బురదలాంటి రాగి అడుగున చేరేది. ఒక ఏడాది ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫాయిల్ కంపెనీ మార్చాను, మారలేదు. కెమికల్ మార్చాను, మారలేదు. చివరికి ల్యాబ్ అటెండర్ మాటల మధ్యలో చెప్పాడు: "మిస్, ఇప్పుడు బోరు నీళ్లు వాడట్లేదు కదా, డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెప్పిస్తున్నాం." అదీ సంగతి! అంతకు ముందు మా ప్రయోగాన్ని గెలిపించింది నేను కాదు, మా బోరులోని ఉప్పు. శుభ్రమైన నీళ్లు రాగానే ప్రయోగం పాడైంది.

అల్యూమినియం మీద ఎప్పుడూ ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది. మందం కొన్ని నానోమీటర్లే, కానీ సందు లేకుండా పరుచుకుని ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోతుంది, గాలి తగలగానే మళ్లీ వచ్చేస్తుంది. మనం ముక్కను రుద్ది టెస్ట్ ట్యూబ్‌లో వేసేలోపే కొత్త పొర తయారవుతుంది. అంటే ద్రావణంలో ఉన్న రాగి అయాన్లకు లోపలి అల్యూమినియం ముఖమే చూపించట్లేదు. సల్ఫేట్ అయాన్లు ఆ పొరను పెద్దగా ఏమీ చేయలేవు. క్లోరైడ్ అయాన్లు అక్కడక్కడా దాన్ని తూట్లు పొడుస్తాయి. ఒకసారి తూటు పడితే ఇక ఆగదు.

కాబట్టి రేపు మీరు చేయాల్సింది ఇదీ. మూడు టెస్ట్ ట్యూబులు తీసుకోండి. మొదటిదాంట్లో రాగి సల్ఫేట్, ఫాయిల్ ముక్క. రెండోదాంట్లో రాగి సల్ఫేట్, ఫాయిల్, చిటికెడు వంటింటి ఉప్పు. మూడోదాంట్లో ఉత్త ఉప్పునీళ్లు, ఫాయిల్. మూడోది ఎందుకంటే, తెలివైన పిల్ల ఒకతె తప్పకుండా లేచి "మిస్, ఉప్పే అల్యూమినియాన్ని తినేసిందేమో?" అని అడుగుతుంది. అడగకపోతే మీరే అడగండి. కొద్ది నిమిషాల్లో రెండో ట్యూబులో ఫాయిల్ అంచులు నల్లబడతాయి, బుడగలు వస్తాయి, తర్వాత ఎర్రటి గోధుమ రంగు పీచులా రాగి పేరుకుంటుంది. ట్యూబును పట్టుకుని చూడమనండి, వెచ్చగా ఉంటుంది. ఫాయిల్ ఎక్కువ వేస్తే వేడి బాగా పెరుగుతుంది, అందుకే గోరంత ముక్క చాలు. ఉప్పు ఎక్కువైతే ద్రావణం నీలం నుంచి కాస్త ఆకుపచ్చకు తిరుగుతుంది. అది క్లోరైడ్ వల్ల వచ్చే రంగు, అల్యూమినియంతో దానికి సంబంధం లేదు. పిల్లలు దాన్ని చర్యగా లెక్కేయకుండా ఉండాలంటే ఫాయిల్ లేకుండా ఉప్పు, రాగి సల్ఫేట్ మాత్రమే ఉన్న నాలుగో ట్యూబు పక్కన పెట్టండి.

ఇంకో సాక్ష్యం కూడా చూపించవచ్చు. సజల హైడ్రోక్లోరికామ్లంలో అల్యూమినియం ముక్క వేస్తే మొదటి నిమిషం రెండు నిమిషాలు ఏమీ ఉండదు. పిల్లలు బోరు కొట్టి తల తిప్పుకునే సమయానికి ఒక్కసారిగా బుసబుసా పొంగుతుంది. ముందు పొర కరగాలి, ఆ తర్వాతే అసలు లోహం. మెగ్నీషియంలో అలాంటి ఆలస్యం ఉండదు. ఈ రెండు ట్యూబుల్నీ పక్కపక్కన పెట్టి గడియారం చూస్తూ ఎవరికి ఎప్పుడు బుడగలు మొదలయ్యాయో రాయమంటే, పొర కథ మీరు చెప్పక్కర్లేదు, వాళ్లే చెప్తారు.

పిల్లల వాదన ఎంత బలమైనదో కూడా ఒప్పుకోవాలి. చెన్నై పిల్లలకు ఇనుము తుప్పు పట్టడం గురించి చెప్పేదేముంది? బీసెంట్ నగర్‌లో కిటికీ ఊచలకు ఏటా పెయింట్ వేసినా సముద్రపు గాలికి పెచ్చులు ఊడిపోతాయి. అదే ఇంట్లో అల్యూమినియం స్లైడింగ్ కిటికీ పదేళ్లయినా తళతళలాడుతూ ఉంటుంది. "ఏది ఎక్కువ రియాక్టివ్?" అంటే ఎవరైనా ఇనుమనే అంటారు. ఇనుము తుప్పు పొరలు పొరలుగా ఊడి లోపలి లోహాన్ని గాలికి వదిలేస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ ఊడదు, అదే కాపలా కాస్తుంది. త్వరగా చర్య జరిపి తన చుట్టూ తానే కోట కట్టుకున్న లోహాన్ని మనం చర్య జరపని లోహం అనుకుంటున్నాం. ఈ మాట చెప్పాక రైలు పట్టాల సంగతి చెప్పండి. పట్టాల్ని ఒకదానికొకటి అతికించడానికి అల్యూమినియం పొడినీ ఐరన్ ఆక్సైడ్‌నీ కలిపి నిప్పు పెడతారు. ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ను అల్యూమినియం తీసేసుకుంటుంది. ఆ వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది, ఇనుము కరిగి సందులోకి పారుతుంది. వీడియో చూపించండి. క్లాసులో చేయాలన్న ఉబలాటం మాత్రం పెట్టుకోకండి.

ఇక పాఠం నడిపే తీరు. మొదటి రోజే నాలుగు లోహాలు, నాలుగు ద్రావణాలు పెట్టి 16 గళ్ల పట్టిక నింపమంటే పిల్లలకు తల తిరుగుతుంది. ముందు రాగి, ఇనుము, జింకు మూడే. కబడ్డీ లీగ్ లాగా ఒక్కో జంటకు ఒక్కో మ్యాచ్. ఎవరి ద్రావణంలోంచి ఎవరు ఎవర్ని బయటికి పంపారో రాయించండి. ద్రావణాల్లో ముక్కలు వేయకముందే ప్రతి పిల్లవాడూ తన ఊహ పెన్నుతో రాయాలి, పెన్సిల్ వద్దు, తర్వాత చెరిపేస్తారు. టెస్ట్ ట్యూబులు సరిపోకపోతే స్టేషనరీ షాపుల్లో దొరికే పెయింటింగ్ పాలెట్ తెచ్చుకోండి. ఒక్కో గుంటలో పది చుక్కల ద్రావణం, బియ్యపు గింజంత లోహం. నలభై మంది క్లాసుకు ఒక్కో ద్రావణం 100 మిల్లీలీటర్లు సరిపోతాయి. రెండో రోజు మెగ్నీషియం. అల్యూమినియాన్ని మూడో రోజు దాకా దాచిపెట్టండి. అప్పటికి పిల్లలకు ఒక వరస కుదిరి ఉంటుంది, ఈ కొత్త శాల్తీ వచ్చి దాన్ని చెడగొడుతుంది. మొదటి రోజే చెడగొడితే వాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ మ్యాచ్‌లలో అంపైర్‌ను మోసం చేసే విషయాలు కొన్ని ఉన్నాయి. నేను అన్నింట్లోనూ పడ్డాను.

మేకులు. హార్డ్‌వేర్ షాపులో తళతళలాడే మేకులు ఇస్తే జాగ్రత్త, వాటి మీద జింకు పూత ఉండవచ్చు. అప్పుడు మీరు చూస్తున్నది జింకు మ్యాచ్, ఇనుము మ్యాచ్ కాదు. కాసేపు సజల ఆమ్లంలో వేస్తే మొదట జోరుగా బుడగలొచ్చి, పూత కరిగాక నెమ్మదిస్తాయి. కడిగి, గరుకు కాగితంతో రుద్ది అప్పుడు వాడండి. పూత లేని మేకులకు నూనె రాసి ఉంటుంది, దాన్ని సబ్బుతో కడగాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ అసలు వద్దు.

రంగు. మేకు మీద పట్టిన రాగి ఒక్కోసారి నల్లటి గోధుమ రంగులో ఉంటుంది. "రాగి ఎర్రగా కదా ఉండాలి, ఇది వేరే ఏదో" అంటారు పిల్లలు. మరీ సన్నటి రేణువులుగా ఉన్నప్పుడు రాగి అలాగే కనబడుతుంది. అలాగే జింకు ముక్క ఫెర్రస్ సల్ఫేట్‌లో, అంటే ఇనుము సల్ఫేట్‌లో వేసినప్పుడు అరగంటలో పెద్దగా ఏమీ తెలియదు. ముక్క మసకబారుతుంది, నల్లబడుతుంది, ద్రావణం లేత ఆకుపచ్చ ఇంకా వెలుస్తుంది. మర్నాటి దాకా ఉంచితే తేడా బాగా తెలుస్తుంది. పీరియడ్ 40 నిమిషాలే కాబట్టి "చర్య లేదు" అని రాసేయడం మనం నేర్పిన తొందరపాటే.

ఫెర్రస్ సల్ఫేట్ మరో తలనొప్పి. నిన్న కలిపిన ద్రావణం ఇవాళ గోధుమ రంగులోకి తిరిగి ఉంటుంది, గాలికి ఆక్సీకరణం చెంది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. నాలుగు చుక్కల సజల సల్ఫ్యూరికామ్లం వేస్తే కొంత నిలుస్తుంది. కానీ ఆ ఆమ్లానికే జింకు బుడగలు వదులుతుంది, పిల్లలు దాన్ని ఇనుము మీద గెలుపుగా రాసుకుంటారు. అల్యూమినియం సల్ఫేట్ ద్రావణమైతే మనం ఏమీ కలపకుండానే ఆమ్ల గుణంతో ఉంటుంది. అందులో జింకు వేస్తే సన్నటి బుడగలు నెమ్మదిగా వస్తాయి. "మిస్, జింకు అల్యూమినియాన్ని ఓడించింది!" అని కేక. లిట్మస్ కాగితం ముంచి చూపించండి. ఆ బుడగలు హైడ్రోజన్, అల్యూమినియం ఒక్క రవ్వ కూడా బయటికి రాలేదు. బుడగలు వస్తే ఎవరు ఎవర్ని బయటికి పంపారని అడగడం పిల్లలకు అలవాటు కావాలి. రాగి సల్ఫేట్‌ను మా లాంటి బోరు నీళ్లలో కలిపితే లేత నీలం మడ్డి వస్తుంది, అది నీళ్లలోని కార్బొనేట్ల పని.

ఆమ్లంతో పోల్చేటప్పుడు ఇంకో అన్యాయం జరుగుతుంది. మెగ్నీషియం రిబ్బను, జింకు గుళ్లు, ఇనుప రజను ఇచ్చి ఎవరు ఎక్కువ బుడగలు వదులుతారో చూడమంటాం. రజను ఉపరితలం రిబ్బను కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అది సమాన పోటీ కాదు. ఒకే సైజు ముక్కలు, ఒకే గాఢత, ఒకే పరిమాణం ఉండాలి. బుడగల్ని కొలవడానికి నేను వాడే చిట్కా గిన్నెలు తోమే లిక్విడ్. ఆమ్లంలో ఒక్క చుక్క వేస్తే నురగ ట్యూబులో పైకి లేస్తుంది. నిమిషానికి ఎన్ని సెంటీమీటర్లు లేచిందో స్కేలుతో కొలవవచ్చు. పిల్లలకు భలే సరదా. కాల్షియం ఉంటే దాన్ని సల్ఫ్యూరికామ్లంలో వేయకండి. దాని మీద కాల్షియం సల్ఫేట్ పేరుకుని చర్య మందగిస్తుంది, మెగ్నీషియం కన్నా వెనకబడినట్టు కనబడుతుంది. నీళ్లలో వేస్తే దాని సత్తా తెలుస్తుంది.

వేగాన్నీ, చర్యకు ఉన్న మొగ్గునీ పిల్లలు ఒకటే అనుకుంటారు. దీనికి నా దగ్గరున్న మంచి మందు థర్మామీటర్. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల రాగి సల్ఫేట్ స్ఫటికాలు కలపండి. టీ తాగే పేపర్ కప్పులో 25 మిల్లీలీటర్లు పోసి, 1 గ్రాము జింకు పొడి వేసి కలుపుతూ ఉష్ణోగ్రత చూడండి. వేరే కప్పులో ఇనుప పొడి, మరో దాంట్లో రాగి పొడి. లెక్క ప్రకారం జింకుకు సుమారు 10 డిగ్రీలు, ఇనుముకు సుమారు 7 డిగ్రీలు పెరగాలి. కప్పుకూ గాలికీ పోయే వేడి వల్ల కాస్త తగ్గుతుంది, ఇనుము నిదానంగా చేస్తుంది కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది. రాగికి పెరగదు. ఇందులో అందం ఏమిటంటే, లోహం ఎక్కువ వేశాం కాబట్టి జింకు కప్పులోనూ, ఇనుము కప్పులోనూ బయటికి వచ్చే రాగి ఒకటే. మరి వేడిలో తేడా ఎక్కడిది? ఆ ప్రశ్న బోర్డు మీద రాసి, మీరు నోరు మెదపకుండా రెండు నిమిషాలు నిలబడండి. మెగ్నీషియంతో 25 డిగ్రీల దాకా లెక్క తేలుతుంది, దాన్ని పొడిగా కాకుండా రిబ్బను ముక్కలుగా మీరే చేసి చూపించండి.

రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చవకగా దొరికే మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటరు) ఒకటి తెచ్చుకుంటే ఇంకో దారి తెరుచుకుంటుంది. ఉప్పునీళ్లలో తడిపిన కాగితం మీద ఒక పక్క రాగి రేకు, మరో పక్క ఇతర లోహం పెట్టి వోల్టేజీ చూడండి. మెగ్నీషియం అందరికన్నా పైన, తర్వాత జింకు, తర్వాత ఇనుము. 1800లో వోల్టా జింకు, వెండి బిళ్లల మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్కలు పేర్చి చేసింది దాదాపు ఇదే. 1836లో డేనియల్ చేసిన జింకు, రాగి సెల్ 1.1 వోల్టులు ఇస్తుంది. అల్యూమినియం ఇక్కడా తన స్థానం కన్నా కిందే కనబడుతుంది. ఎందుకో మీ పిల్లలు ఇప్పటికి చెప్పగలరు. బాగా చదివే పిల్లలుంటే లిథియం సంగతి చెప్పండి. ఎలక్ట్రాన్ వదులుకునే మొగ్గులో, అంటే ప్రామాణిక పొటెన్షియల్‌లో అది సోడియం కన్నా ముందుంది, లిథియంకు మైనస్ 3.04, సోడియంకు మైనస్ 2.71 వోల్టులు. నీళ్లలో వేస్తే మాత్రం సోడియమే ఎక్కువ హడావుడి చేస్తుంది.

మాట వాడకం గురించి ఒకటి. "బలమైన లోహం బలహీనమైనదాన్ని తరిమేస్తుంది" అని చాలామంది చెప్తారు, నేనూ చాలా ఏళ్లు చెప్పాను. దాంతో పిల్లలు రియాక్టివ్ లోహం ఏదో లాక్కుంటుందని అనుకుని, ఇంటర్‌కు వెళ్లాక ఆక్సీకరణం (ఎలక్ట్రాన్లు ఇవ్వడం), క్షయకరణం (పుచ్చుకోవడం) దగ్గర తడబడతారు. ఇప్పుడు నేను దానకర్ణుడి కథ చెప్తున్నాను. మెగ్నీషియం అడగ్గానే ఎలక్ట్రాన్లు ఇచ్చేసి తాను ద్రావణంలోకి వెళ్లిపోతుంది. బంగారం పిల్లికి బిచ్చం పెట్టని రకం. ద్రావణంలోని రాగి అయాన్ చేయి చాపి ఎలక్ట్రాన్లు పుచ్చుకుని లోహమై గట్టున పడుతుంది. అల్యూమినియం కూడా దాతే, కాకపోతే ఇంటి తలుపు మూసి ఉంది. "చర్యాశీలత" అన్న తెలుగు మాట మా పిల్లలకు నోరు తిరగదు. రియాక్టివిటీ అంటారు, ఏ మాటైనా సరే, ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అన్నది చెప్పగలిగితే చాలు.

కాస్త టైముంటే చరిత్ర కలపండి. బంగారం, రాగి వేల ఏళ్లుగా తెలుసు. పొటాషియం, సోడియం 1807లో హంఫ్రీ డేవీ కరెంటు పెట్టి విడదీసేదాకా ఎవరూ చూడలేదు. అల్యూమినియం 1825లో మొదటిసారి వేరు చేశారు, 1886లో విద్యుద్విశ్లేషణ పద్ధతి వచ్చాకే చవకైంది. రియాక్టివిటీ వరసలో ఎంత పైనుంటే మనిషి చేతికి అంత ఆలస్యంగా దొరికిందన్నమాట, కొద్ది తేడాలతో. ఇంట్లో అమ్మమ్మల్ని అడిగి రమ్మంటాను: కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు ఎందుకు పెట్టకూడదు, పెరుగుకు చిలుము ఎందుకెక్కుతుంది? ఒక పిల్లవాడు ఇంట్లో చారు పెట్టే ఈయ చెంబు తెస్తానన్నాడు. అది తగరం. ఉత్త చెంబును పొయ్యి మీద మర్చిపోతే కరిగి కారిపోతుందని వాళ్ల నాయనమ్మ తేనివ్వలేదు.

జాగ్రత్తలు: కళ్లద్దాలు తప్పనిసరి. సోడియం పిల్లల చేతికి ఇవ్వకండి, చూపించాలంటే బియ్యపు గింజంత, వెడల్పు తొట్టిలో, అడ్డుగా షీటు పెట్టి, మీరే. పొటాషియం వీడియోలోనే. సీసం, పాదరసం జోలికి పోవద్దు. మెగ్నీషియం మండేటప్పుడు నేరుగా చూడనివ్వకండి.

రికార్డు మాటకు వస్తే, నేను రెండు కాలమ్‌లు గీయిస్తాను: "చూసింది", "దాని అర్థం". మొదటి కాలమ్‌లో అల్యూమినియం దగ్గర "అరగంటలో మార్పు లేదు" అనే ఉండాలి. కింద ఉప్పు వేసిన ట్యూబు ఫలితం, పొర గురించి రెండు వాక్యాలు. పరీక్షలో అడిగేది పుస్తకంలోని వరసే కాబట్టి జింకు, ఇనుము, రాగి కన్నా అల్యూమినియం పైన అని చివర్లో రాస్తారు, అది ఎలా తేలిందో వాళ్ల దగ్గర ఆధారం ఉంటుంది. మీ సీనియర్‌తో గొడవ పెట్టుకోవద్దు. ఆ మూడు ట్యూబులు ఆవిడ టేబుల్ మీద పెట్టి రండి.

చివరగా, వాడేసిన నీలం ద్రావణాన్ని సింకులో పారబోయకండి, చేపలకు విషం. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పోసి, పాత ఇనుప మేకులు గుప్పెడు వేసి వారం రోజులు వదిలేయండి. నీలం పోయి లేత రంగు మిగులుతుంది, అడుగున రాగి చేరుతుంది. పైనీళ్లు బాగా పలచన చేసి పారబోయవచ్చు. మా ల్యాబ్‌లో అలా పోగైన పొడి ఒక జామ్ సీసాడు ఉంది. దాన్ని, రాగి వేసి వెండిని బయటికి రప్పించే సిల్వర్ నైట్రేట్ ప్రయోగానికి మాత్రం వాడకండి, ఇనుప రజను కలిసి ఉంటుంది. దానికి రాగి తీగ వేరే కొనుక్కోండి.